బోర్డు మీది అక్క

కర్మన్‌ఘాట్,
4-10-2011, మంగళవారం.

చెల్లె సంతోషికి,

అక్క దీవెనలు. ఇక్కడ మేమంతా క్షేమమని మొదట రాయాలి కదా, రాశాను. జ్వరాలు లేవు, దగ్గులు లేవు, వేళకు తింటున్నాం. కూరల దుకాణం వాళ్లకు తిండికేం తక్కువ! నువ్వు, మరిది ధనరాజ్, చిన్నది బాగున్నారని తలుస్తాను. ఉట్నూరులో అప్పుడే తెల్లవారుజామున చలి పెడుతోందని రాశావు. పిల్ల చెవులకు గుడ్డ కట్టడం మరిచిపోకు.

శనివారం నీకొక ఉత్తరం పోస్టు చేశాం. రాసింది నేను, పక్కన కుర్చీ వేసుకుని చెప్పింది మీ బావ. ఈపాటికి అందే ఉంటుంది. "వెంటనే రాజీనామా ఇచ్చి రా, నేనిక్కడ రాణిలా ఉన్నాను, నువ్వూ రాణిలా ఉంటావు" అని ఉంటుంది అందులో. నా పేరు చివర తప్ప రాణి అనే మాట నేను జన్మలో ఎప్పుడైనా వాడానా? అక్కడే నీకు అనుమానం వచ్చి ఉండాలి. ఇప్పుడు రాసేది నా ఉత్తరం. హనుమంతుడి గుడి మండపంలో కూర్చుని రాస్తున్నాను. మంగళవారం గుడికి పోతానంటే మీ బావ అడ్డు చెప్పడు, వెంట రాడు. ఫోన్ చేయొచ్చు కదా అంటావేమో. ఉన్న ఒక్క సెల్లు దుకాణం ఆర్డర్లది, అది ఆయన చొక్కా జేబులో ఉంటుంది. నేను నీతో మాట్లాడినంతసేపూ పక్కనే నిలబడతాడు.

దసరా వెళ్లగానే దవాఖానలో రాజీనామా ఇస్తానని, నా మాట కోసమే ఆగానని రాశావు. అందుకే ఈ తొందర. ముందు ఇది పూర్తిగా చదువు, ఆ తర్వాత ఏం చేయాలో నువ్వే చూసుకో.

నువ్వడిగిన వాటికి జవాబులు చెప్తాను. కండక్టర్ ఉద్యోగం వదిలిన రోజు ఏడ్చావా అక్కా అని అడిగావు. ఏడవలేదు. నవ్వుకుంటూ ఇచ్చాను రాజీనామా, అదీ నా తెలివి! దిల్‌సుఖ్‌నగర్ నుంచి పటాన్‌చెరు, పటాన్‌చెరు నుంచి దిల్‌సుఖ్‌నగర్, ఏళ్ల తరబడి అదే బస్సు. నా గొంతు నీకు తెలుసు కదా. ఫుట్‌బోర్డు మీద వేలాడే కాలేజీ పోరగాళ్లు "లోపల్కి జరుగుండ్రి!" అని నేనొక్క కేక వేస్తే కిక్కురుమనకుండా జరిగేవాళ్లు. మీ బావ అప్పటికే చైతన్యపురి హాస్టళ్ల సందులో గోదావరి కర్రీ పాయింట్ పెట్టాడు. "ఎన్నేండ్లు నిలవడి టికెట్లు కొడ్తవే సంధ్యా? కాళ్లల్ల నరాలు ఉబ్బుతున్నయ్. దుకాణం మనది. గల్ల కాడ కూసో, ఓనర్ లెక్క. ఇద్దరం ఒక్కతాన ఉంటం" అన్నాడు. ఆ ఆఖరి మాటకు పడిపోయాను. నేను పొద్దున డ్యూటీకి పోతే ఆయన మధ్యాహ్నం పోవడం, ఒకరి మొహం ఒకరు సరిగా చూసుకోని సంసారం మాది. ఒక్కచోట ఉండొచ్చని ఆశపడ్డాను.

మొదటి రోజు పట్టుచీర కట్టుకుని గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాను. నవ్వకు. హాస్టల్ పిల్లాడొకడు వచ్చి "ఏం కూరలున్నాయండీ?" అన్నాడు. "బెండకాయ పులుసుంది, దోసకాయ పప్పుంది, చాపల పులుసు ఇంక గాలే. ఏం గావాల్నో చెప్పు బిడ్డా" అన్నాను. ఆ పిల్లాడు పల్లెత్తు మాట అనలేదు. పప్పు కట్టించుకుని, "వస్తానాంటీ" అని పోయాడు. వాడు మలుపు తిరగగానే మీ బావ నా చెవి దగ్గరికొచ్చి, "నువ్వు జర లోపలికి పోవే. బోర్డు మీద గోదావరి అని ఉన్నది. నీ మాటింటే ఎవడన్న నమ్ముతడా?" అన్నాడు.

జర లోపలికి అన్నాడా, రెండేళ్లు దాటింది నేను మళ్లీ బయటికి రావడానికి. కోయడం, రుబ్బడం, వండడం, గిన్నెలు గోడకున్న కిటికీలోంచి అందించడం. గుంటూరు గోంగూర నేనే, భీమవరం చేపల పులుసు నేనే. కౌంటర్లో ఆయన ఒక్కడే, "రండి బాబూ, ఇవాళ ఆలస్యమైందేంటండీ" అనుకుంటూ. ఆ మాట వింటుంటే ఎవరో పరాయి మనిషి దుకాణంలో పనిచేస్తున్నట్టుండేది నాకు. ఇంటికొచ్చి చెప్పులు విప్పగానే మాత్రం "అన్నం వెట్టే" అనేవాడు.

ఆయనకా మాట ఎట్లా వచ్చిందో నీకు చెప్పలేదు. చౌటుప్పల్ నుంచి వచ్చిన కొత్తలో ఒక ఆంధ్రా మెస్సులో ప్లేట్లు కడిగేవాడు. నోరు తెరిస్తే అక్కడి వాళ్లు పడీపడీ నవ్వేవాళ్లట. పంతం పట్టి నేర్చుకున్నాడు. ఆయనను చూసి నవ్విన వాళ్లంటే నాకిప్పటికీ మంటే. కానీ తాను పడ్డ అవమానాన్ని తెచ్చి నా నెత్తిన పెట్టడం ఏం న్యాయం చెప్పు?

ఒకరోజు ఆ సందులోనే హాస్టల్ నడిపే విశ్వేశ్వరరావు గారు వచ్చారు. పెద్దాయన, మంచివాడే. గోంగూర పచ్చడి రుచి చూసి, "ఎవరయ్యా చేసింది? ఆ తల్లికి దణ్ణం పెట్టాలి" అన్నారు. నేను కొంగుకు చేతులు తుడుచుకుంటూ గుమ్మం దాకా వచ్చాను. మీ బావ వెనక్కి కూడా చూడకుండా, "మా వంటావిడండీ. రాజమండ్రి నుంచి తెప్పించాం" అన్నాడు. తెప్పించాడట! గ్రైండర్ తెప్పించినట్టు. నేను గుమ్మం దాటలేదు. ఇంటికొచ్చాక అడిగితే, "బిజినెస్ కోసం ఒక మాటన్న, గంతే. అంటే నువ్వేమన్న తక్కువైనవా?" అన్నాడు. నేను అన్నం పెట్టాను.

ఇక బోర్డు కథ. మొన్న జూన్‌లో ఉద్యమం వాళ్లు వంటావార్పు పెట్టి, రోడ్ల మీదే పొయ్యిలు వెలిగించి వండుకు తిన్నారు కదా. ఆ సాయంత్రం ఐదారుగురు పిల్లలు జెండాలు పట్టుకుని దుకాణం ముందు ఆగారు. "ఏందన్నా గిది? గోదావరేంది? నీదే ఊరు?" అని గట్టిగా అడిగారు. అడగడమే తప్ప ఎవరూ చెయ్యి ఎత్తలేదు. కంగారులో మీ బావ నోట్లోంచి "అదేంటండీ" అని వచ్చేసింది. చచ్చాడు పో! అప్పుడు గుర్తొచ్చాను నేను. "సంధ్యా! ఓ సంధ్యా! జర బయటికొచ్చి మాట్లాడే!"

వచ్చాను. "ఏం తమ్మీ, పొద్దటి సంది రోడ్ల మీద వండుకుంటనే ఉన్నరు గద, కడుపులు నిండలేదా? మాది చౌటుప్పల్. రాండ్రి, కూసోండ్రి, ఇంత పప్పేసుకోని తిందురు" అన్నాను. "అరె, అక్క మనామెనే రా!" అని నవ్వుకుంటూ పోయారు. మీ బావ చాలాసేపు నన్ను ఎగాదిగా చూశాడు. మంచి బేరం కళ్ల ముందే పెట్టుకుని ఇన్నాళ్లూ చూసుకోలేదే అన్నట్టుంది ఆ చూపు.

వారం తిరగలేదు, గోదావరి బోర్డు దిగింది, 'సంధ్యక్క తెలంగాణ వంటలు' అని ఫ్లెక్సీ ఎక్కింది. చేతిలో గరిటెతో నా ఫోటో. ధనరాజ్ సెల్లులో తీసుకొచ్చి నీకు చూపించింది అదే. రాజమండ్రి బెండకాయ పులుసు నల్గొండ బెండకాయ పులుసు అయింది. బెండకాయలు మాత్రం ఎప్పటిలాగే సరూర్‌నగర్ రైతుబజారువే. ఇప్పుడు నన్ను లోపలికి పోనివ్వడు. గల్లా దగ్గరే కూర్చోవాలి. "గట్టిగ మాట్లాడు సంధ్యా, మంది ఇనాలె" అని మోచేత్తో పొడుస్తాడు. తెల్లవారకముందే వండి పెట్టేది మళ్లీ నేనే.

ఆయన దొంగ నాటకం ఆడుతున్నాడనుకోకు. పాటలు వింటే నిజంగానే కళ్లనీళ్లు పెట్టుకుంటాడు. తెలంగాణ నాకూ కావాలి, ఆయనకూ కావాలి. కొట్టడు, తిట్టడు, తాగడు. అందుకే ఎవరికైనా చెప్పుకుందామన్నా నోరు రాదు. ఫ్లెక్సీలో లీడర్ లెక్క ఉన్నావక్కా అని మురిసిపోతూ రాశావు. తల్లీ, అది చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండిపోతుంది.

ఇప్పుడు నీ సంగతికి వస్తాను. మీ ఇద్దరితో రెండో దుకాణం పెట్టించడానికి మీ బావ ఎల్బీనగర్ చౌరస్తా దగ్గర చూసిన షట్టర్ ధనరాజ్‌కు నచ్చింది సరే. ధనరాజ్‌కు చెప్పని ముక్క ఒకటుంది. ఆ షట్టర్ మీదికి ఎక్కేది పాత గోదావరి బోర్డే. పారేయలేదు, బియ్యం బస్తాల వెనక భద్రంగా ఉంది. "ఆ దిక్కు కాలనీలన్ని సెటిలర్లయే. నీ చెల్లె గుంటూర్ల నర్సు చదివింది, అచ్చం వాళ్ల లెక్కనే మాట్లాడ్తది. ఈడ నువ్వు, ఆడ నీ చెల్లె. రాష్ట్రం వచ్చినా మనమే, రాకున్నా మనమే!" అన్నాడు. చిన్నపిల్లాడిలా చేతులు రుద్దుకుంటూ అన్నాడు సంతోషీ.

గుంటూరు హాస్టల్లో నీ మాటకు నవ్వుతున్నారని ఎన్ని ఉత్తరాలు రాశావే నాకు! ఏడ్చి ఏడ్చి నేర్చుకున్న మాట అది. దాన్ని కౌంటర్లో పెట్టి అమ్ముతావా? రేపు గాలి ఇంకో దిక్కు తిరిగితే నిన్నూ జర లోపలికి పొమ్మంటారు. ఇప్పుడు నువ్వు వార్డులో గోండు ముసలమ్మలకు వాళ్ల మాటలో రెండు ముక్కలు చెప్పి సూది వేస్తున్నానని రాశావు. ఆ రెండు ముక్కలు ఎవరూ చెప్పమంటే నేర్చుకున్నవి కావు కదా.

ఇంతసేపూ మీ బావను తిట్టాను. ఇక నా సంగతి విను. శనివారం ఉత్తరం అడుగున, "నాకిక్కడ మనసు విప్పి మాట్లాడే తోడు లేదే, నువ్వొస్తే ఇద్దరం ఒక్కచోట ఉంటాం" అని ఉంటుంది చూడు. అది మీ బావ చెప్పింది కాదు. ఇక చాలు, సంతకం పెట్టమని ఆయన లేచిపోయాక నేనే రాశాను. ఎల్బీనగర్ షట్టర్ మీద ఏ బోర్డు ఎక్కుతుందో తెలిసే రాశాను. నీ ఉద్యోగం పోతే పోనీ, నాకొక మనిషి దొరుకుతుంది అనుకున్నాను. మధ్యాహ్నం గిరాకీ తగ్గాక ఇద్దరం కూర్చుని చిక్కుడుకాయలు ఒలుచుకుంటున్నట్టు, నువ్వు నవ్విస్తున్నట్టు ఊహించుకున్నాను. ఆయన నన్ను ఏ మాటతో బస్సు దించాడో, అదే మాట నీకు రాశాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను చెల్లె.

నిన్నటిదాకా ఈ రెండో ఉత్తరం రాసే ఉద్దేశం కూడా లేదు. నిన్న మా పాత డిపో ముందు తెలంగాణ కోసం చేస్తున్న సమ్మె శిబిరానికి మీ బావ పులిహోర పట్టుకెళ్లాడు, ఉచితంగా. వెంట ఒక బ్యానర్, ఒక ఫోటో అతను, నేను. జీతాలు లేకున్నా అందరూ టెంటు కింద చాప మీద కూర్చుని పాడుతున్నారు. నాకు మొదట్లో టికెట్ మిషన్ పట్టుకోవడం నేర్పిన సుమిత్రమ్మ ఉంది అందులో. పులిహోర అందుకుని నా మొహం చూసింది. "నువ్వు గూడ మాతోని కూసునేదానివి గదనే సంధ్యా" అని పక్కకు జరిగి, "రా, కూసో" అంది. కూర్చున్నాను. ఆమె భుజం నా భుజానికి తగిలింది. చప్పట్లు కొట్టడానికి చేతులు ఎత్తానో లేదో, వెనక నుంచి మీ బావ, "సంధ్యా, ఆడ కూసోకే! లేచి ఇటు నిలవడు, ఫోటోల నీ మొహం కనవడ్తలేదు" అన్నాడు.

లేచాను. అంతమంది ముందు, గరిటె పట్టుకుని లేచి నిలబడ్డాను. సుమిత్రమ్మ ఆ ఖాళీ జాగాను అట్లాగే ఉంచింది, ఫోటో అయ్యాక వస్తాననుకుంది పాపం. నేను పోలేదు. పులిహోర గిన్నెలు ఆటోలో ఎక్కించి దుకాణానికి వచ్చాను.

నీకిప్పుడు కూర్చోవడానికి ఒక జాగా ఉంది. లేవకు. నువ్వు రాకు సంతోషీ. నాకు తోడు లేకపోతే లేకపోనీ, రాకు. ధనరాజ్ అలిగితే రెండు రోజులు అలుగుతాడు. ఎందుకు మానుకున్నావని మీ బావ అడిగితే, అక్క రెండో ఉత్తరం రాసిందని చెప్పు, దాచకు. ఆయనతో నేను మాట్లాడుకుంటాను. గట్టిగా మాట్లాడమని రోజూ చెప్పేది ఆయనే కదా.

నా సంగతేమిటని అడగకు. వదిలిన ఉద్యోగం తిరిగి రాదు. గుడిలో జనం పెరుగుతున్నారు, నేను పోయి మధ్యాహ్నానికి పప్పు వేయాలి. చిన్నదానికి ముద్దులు. జవాబు దుకాణం అడ్రసుకు వద్దు, డిపో దగ్గర సుమిత్రమ్మ పేరున రాయి, నేను పోయి తీసుకుంటాను. ఎట్లాగూ ఆమె పక్కన ఒకసారి కూర్చోవాలి. ఉత్తరం మొదట్లో ఎప్పటిలాగే అక్కా అని రాయి. ఈ రోడ్డున పప్పు అడిగేవాడు, చిల్లర అడిగేవాడు, అందరూ బోర్డు చూసి ఆ పిలుపే పిలుస్తున్నారు. మీ బావ కూడా గిరాకీ ముందు "అక్కనడుగుండ్రి" అంటాడు. నువ్వు రాస్తే అది నాదని నమ్ముతాను.

ఇట్లు,
బోర్డు మీది అక్క కాదు,
నీ ఒక్కదాని అక్క,
సంధ్యారాణి.