ఆముదంలో సూర్యుడు

భాద్రపద బహుళ పంచమి, గురువారం

యాదగిరి వచ్చాడు! నా కొడుకు... నా బంగారు కొండ! వాడు పనిచేసే ఓడ మునిగిందన్న మాట నమ్మి, చనిపోయిన వాళ్ళను తలుచుకునే పెత్రమాస అమావాస్యకు వాడి పేరున అయ్యగారికి ఇవ్వడానికి బియ్యం కూడా పక్కన పెట్టాం. వాకిట్లో నిలబడి, "బాపూ, గుర్తువట్టలేదా?" అన్నాడు. వాళ్ళమ్మ లచ్చమ్మ ఏడుస్తూ నవ్వుతోంది. రజాకార్లు పోయారు, బాటన మిలిటరీ లారీలు... రానీ, పోనీ. నా కొడుకు నా ఇంట్లో ఉన్నాడు.

షష్ఠి, శుక్రవారం

వాడి పెట్టెలో ఇత్తడి యంత్రం. పొద్దున తూర్పున సూర్యుడు, పడమట ఇంకా చంద్రుడు. సముద్రంలో అయితే నీళ్ళ అంచు చూసి వాళ్ళ ఎత్తు కొలుస్తారట. మనకేది సముద్రం? తాంబాలంలో ఆముదం పోశాడు – అద్దమే! "సూడు బాపూ." యంత్రానికున్న నల్లద్దంలోంచి చూశాను. పైనున్న సూర్యుడు దిగివచ్చి ఆముదంలో సూర్యుడి మీద కూర్చున్నాడు! లెక్కకట్టి సూర్యుడిదొక గీత, చంద్రుడిదొక గీత గీశాడు, కలిసిన చోట మనం. పటం మీద చుక్క పెట్టాడు. మా ఊరు!

లచ్చమ్మ: "ఇల్లు గీడ్నే ఉన్నదని తెల్సుకోనీకి సేరు ఆముదం కరాబు చేస్తిరి."

సప్తమి, శనివారం

అంగడంతా చెప్పాను. చెప్పకుండా ఎట్లా ఉండను? "నా కొడుకు మొగులు దిక్కు సూసి ఎవ్వడు ఏడున్నడో చెప్తడు!"

సాయంత్రం

పటేలు వచ్చాడు. కూర్చోలేదు. "గుట్టల్ల దాక్కున్న ఎర్రజెండ సంగపోళ్ళు ఏడున్నరో మీవోడు చెప్పాలె. మిలిటరీ క్యాంపుల అడుగుతున్నరు."

యాదగిరి నవ్వాడు. "పటేలా, గిది వట్టుకున్నోడు ఏడున్నడో గదే చెప్తది. ఇంకొకని జాడ చెప్పది."

"మీ బాపు అంగట్ల గట్ల చెప్పలేదు."

నా నోరు... నా సంతోషం.

అష్టమి, ఆదివారం

పక్కింటి బాలయ్య దడి అవతలే నిలబడ్డాడు. వాళ్ళ తమ్ముడు గుట్టల్లో ఉన్నాడు. "మామా, నీ కొడుకు ఏలు సూపిచ్చినా మావోడు సస్తడు. గప్పుడు నేనూరుకోను." నిన్నటిదాకా నాతో చుట్ట పంచుకున్న మనిషి.

రేపు జీపు వస్తుందట. యాదగిరిని పారిపొమ్మన్నాను.

"ఉరికితే నిజమే అనుకుంటరు బాపూ. ఫికర్ చెయ్యకు."

నవమి, సోమవారం

తీసుకుపోయారు. యంత్రం చూపించి ఒప్పించమన్నాను. "దీన్ని సూస్తే ఇంకింత అడుగుతరు, నువ్వు దాచు" అన్నాడు. జీపు ఎక్కి తల తిప్పాడు... లచ్చమ్మ వైపు. బాలయ్య దడి దగ్గర చూస్తూనే ఉన్నాడు.

ఆకాశంలో సూర్యుడూ చంద్రుడూ ఇద్దరూ ఉన్నారు. యంత్రం తీసి తాంబాలంలో ఆముదం పోశాను. ఈసారి సీసా లచ్చమ్మే తెచ్చి ఇచ్చింది. సూర్యుడు నిలవడు... నిలిచాడు. నేను మా వాకిట్లో ఉన్నాను. అంతే చెబుతోంది.

పొద్దు వంగింది. జీపు చప్పుడు లేదు. వాడి పేరున పక్కన పెట్టిన బియ్యమే లచ్చమ్మ ఎసట్లో పోసింది. ముగ్గురికి.