నేను లేచి నిలబడకముందే

అక్కా,

నువ్వు కంగారుపడతావని ఇన్నాళ్లూ రాయలేదు. నా కుడిచేతి వేళ్లు ఉన్నట్టుండి మొద్దుబారిపోతున్నాయి. లైబ్రరీలో పుస్తకాలు సర్దుతుంటే జారి కింద పడుతున్నాయి. నిన్న పాలగిన్నె దించాక చూసుకుంటే అరచేతిలో బొబ్బ లేచి ఉంది. కాలినట్టే తెలియలేదక్కా.

ఇప్పటికి ఇద్దరు డాక్టర్లకు చూపించుకున్నాను. "పరీక్షలన్నీ నార్మలేనమ్మా. లైబ్రరీలో పని కదా, ఆ నవలలు చదవడం కాస్త తగ్గించు," అని రెండో ఆయన నవ్వాడు. ఆయన్ని మాత్రం ఏమనగలను? "ఎలా ఉన్నావమ్మా?" అని అడగగానే, చిన్నప్పుడు కాన్వెంటు బడిలో మదర్ అడిగితే లేచినట్టే లేచి నిలబడి, "బాగున్నానండీ, థాంక్యూ" అనేశాను. మిగతాది చెప్పకుండానే చీటీ తీసుకుని వచ్చేశాను. ఆ మర్యాద మనిద్దరికీ నేర్పారు. నీకు అంటలేదు. అందుకే నిన్ను అడుగుతున్నాను.

సోమవారం నరాల డాక్టరు దగ్గరికి వెళ్లాలి. నాతో రా. నాకు చాలా భయంగా ఉంది. ఇప్పుడు ఎడమచెయ్యి కూడా మొదలైంది. అమ్మకు ఇది చదివి వినిపించకు.

ఆ డాక్టరూ ఎలా ఉన్నావని అడుగుతాడు. నేను లేవబోతాను. నన్ను కూర్చోబెట్టి, నా చెయ్యి తీసి ఆయన ముందు పెట్టు.

నీ చెల్లి