ఎడమ భుజం దిగిన అంగీ

అల్ ముంతజా, దోహా

ప్రియమైన గంగామణికి,

ఫోన్ చేస్తే నడుమల పెట్టేస్తున్నవు. అందుకే కాయితం మీద తిడుతున్న. పూర్తిగా చదువు.

మా కుట్టుషాపు అద్దంల, ఇక్కడోళ్లు ఇక్కత్ అంటరే, ఆ చిటికి బట్ట అంగీ వేలాడదీసిండ్రు. ఎరుపు, నలుపు, తెలుపు. మన పుట్టపాక రంగులే. కింద చీటీ: ‘మా షాపు కొత్త డిజైన్’. నా రక్తం ఉడికింది. మాస్టర్ ఇక్రాముద్దీన్‌ను నిలబెట్టి అడిగిన.

“కొత్తదా? మా నాయిన కాలంల ఇదే బట్ట రుమాళ్లు, నూలుకు పట్టించిన నూనె వాసనతోని, ఓడెక్కి అరబ్బుల తలలకు చుట్టుకున్నయి. వాళ్లు కొనుడు బంద్ చేసినంక, మిగిలిన రుమాలు కోసి మొట్టమొదటి అంగీ కుట్టింది నేను. నన్ను చూసే ఊరంత తొడిగింది!”

ఆయన నవ్విండు. “చాచా, వచ్చినప్పటి సంది ఇదే మాట. యల్లా, కానియ్యి, ఆ అంగీ చూపియ్యి. చీటీ మీద నీ పేరు రాయిస్త.”

అది మన ఇంట్ల సందుక పెట్టెల ఉన్నది. మనూరి రఫీయుద్దీన్ వచ్చే నెల ఇటు వస్తున్నడు, ఆయన చేతికియ్యి. ఇయ్యకుంటే నా మొఖం చూడకు.

నీ పెనిమిటి,
జలంధర్


పుట్టపాక

ప్రియమైన మన పిల్లగాడు మారుతి నాయినకు,

అంగీ పంపిన. రుమాలుకు నేను కత్తెర పెట్టిన్నాడు ఏమన్నవో యాదికున్నదా? “మా నాయిన నేసినదాన్ని కోసినవ్, నీ చేతులిరుగ” అన్నవు. మూడు దినాలు నా చేతి బువ్వ ముట్టలేదు. జాతరల నలుగురు మెచ్చుకుంటే మాత్రం “నేనే కుట్టిన” అన్నవు. నేను పక్కనే ఉన్న.

ఫోన్‌ల ఆ ముచ్చట ఎత్తితే ఇగ వినలేను. అందుకే పెట్టేస్తున్న.

షాపోళ్ల ముందట తొడుగు. అప్పుడు చెప్పు, ఎవరు కోసిండ్రో.

గంగామణి


దోహా

ప్రియమైన గంగామణికి,

నీ మీద కోపం పోలేదు. ముందే చెప్తున్న.

అందరి ముందట తొడిగిన. పొట్ట కాడ గుండీలు అందలేదు. భుజాలు మాత్రం అచ్చు నాయే. ఇక్రాముద్దీన్ టేపు పెట్టిండు. ఎడమ భుజం అరంగుళం దించి కోసి ఉన్నది.

“చాచా, మగ్గం మీద కూసొని నీ ఎడమ భుజం దిగింది. నీ అంగీలకు నువ్వు రెండు భుజాలు సమానంగ కోసుకుంటవ్. అందుకే ఆ దిక్కు ఎప్పుడూ ముడతలే. ఇది నీ కత్తెర కాదు.”

షాపోళ్లంత నవ్విండ్రు. ఇరవై ఏండ్ల సంది మందికి కొలతలు తీస్తున్న, నా భుజం నాకు తెల్వదు. టేపు లేకుంట నువ్వెట్ల కోసినవే? ఎప్పుడు చూసినవ్?

ఆ చీటీ చింపేసిన. కొత్తది నా చేతితోనే రాసిన. అక్షరాలు వంకర పోయినయి. ‘మొదటి అంగీ కోసింది పుట్టపాక గంగామణి.’ ఇక్కడ తెలుగు చదివేటోళ్లు లేరు. అయినా అద్దానికి అంటించిన.

ఈ కాయితం అందినంక వచ్చే శుక్రవారం ఫోన్ చేస్త. పెట్టేయకు. ఈసారి ఆ ముచ్చట నువ్వు చెప్పు, నేను వింట.

నీ వంకర భుజపోడు,
జలంధర్