యాదగిరి ఆటో మీది బొమ్మ

జూన్ 17, మంగళవారం. సాయంత్రం దాకా ముసురు. నా స్టిక్కర్ల దుకాణం ముందు వానకు టార్పాలిన్ పట్టా కట్టాను.

ఎల్బీనగర్ నుంచి యాదగిరి వచ్చాడు. వాడి ఆటో వెనక రేకు మీద నేనే అతికించిన ర్యాపర్ బొమ్మ తీసేయమన్నాడు.

"మన మీర్‌పేట్ పోరడని పెట్టించుకున్న అన్నా. అప్పుడు నిప్పు లెక్క పాడేటోడు. గీ కొత్త రెండు ఆల్బమ్‌లు ఏంది, అమ్మా అమ్మా అని ఒకటే ఏడుపు! ప్యాసింజర్లు నవ్వుతున్నరు."

నేను బ్లేడుతో గీకుతూ ఉన్నాను.

తల్లి పోయినవాడు ఇంకా గల్లీ గొడవలే పాడాలా? ఈ రెండింటిలో అతను వేగం తగ్గించాడు. మాట దొరకక ఆగిన చోట, ఆగినట్టే ఉంచాడు. పాత పాటల్లో అంత ధైర్యం లేదు. మా అమ్మ పోయిన రోజు నాకు రాని ఏడుపు, ఆ పాటలు విన్నాకే వచ్చింది.

ఇదంతా నోటి దాకా వచ్చింది. "నువ్వు గిట్ల గా పాటలు వింటవా ఏంది అన్నా?" అన్నాడు యాదగిరి.

"నాకెందుకురా గవన్ని" అన్నాను. నవ్వాను కూడా.

బొమ్మ పోయినా, దాని కింద రంగు ఎండకు వెలవలేదు. తల, భుజాలు ముదురు పసుపులో అలాగే కనిపించాయి. సినిమా హీరో బొమ్మ వేసి కప్పెయ్యమన్నాడు.

కప్పేశాను. తర్వాత పట్టా విప్పి, దుకాణం మూసేశాను.