గాజుపలక మీద నా కుడిచెయ్యి

అన్నయ్యకు నీ చెల్లెలు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ బావ గురక కూడా క్షేమమే, గోడకవతలి వాళ్ళే కాస్త నలిగిపోతున్నారు. వదినకు నడుంనొప్పి తగ్గిందని రాశావు, సంతోషం. నువ్వు కూడా ఓ గిన్నె తోమితే పూర్తిగా తగ్గుతుంది.

నా మోకాళ్ళ సంగతి అడిగావు. ఇస్త్రీబల్ల దగ్గర నిలబడే పని లేదు గనక హాయిగా ఉన్నాయి. ఎందుకు లేదో కింద రాస్తాను. ముందే చివరికెళ్ళి చదవకు.

లాండ్రీ ఓనరు కోటు చేతులు మూసి కుట్టేసిన మనిషి ఇంటికి ఎందుకు వెళ్తున్నావు, నేనిప్పించిన ఉద్యోగం పోగొట్టుకుంటావా అని కోప్పడ్డావు. వెళ్తూనే ఉన్నాను. అది నా నేస్తం. ఎడమచేతివాటం గనక అందరం పుర్రచెయ్యి అంటాం. లాండ్రీలో చిరుగులు కుట్టేది అదే, సూది దానిదే, కాబట్టి తప్పూ దానిదేనన్నాడు ఓనరు. వచ్చినవాళ్ళందరి ముందూ కోటు తొడుక్కోబోయి, చేతులు బయటికి రాక, రెక్కలు కట్టేసిన కోడిపుంజులా గింజుకున్నాడు కదా, ఆ కడుపుమంట. అప్పటికప్పుడే గెంటేశాడు. అది నోరెత్తలేదు. ఇప్పుడు లాండ్రీ ఎదురుగానే కుట్టుమిషను పెట్టుకుంది. చెడ్డపేరు ముందే వచ్చి గుమ్మంలో కూర్చుంది, గుడ్డముక్క తెచ్చేవాళ్ళు లేరు.

అందుకని దాని కొట్టు తలుపుకి గాజుపలక మీద బొమ్మ వేసిద్దామనుకున్నాను. అదంతా తిరగేసిన వ్యవహారం. వెనకవైపు నుంచి వేసి, ముందువైపు నుంచి చూడాలి. ఆఖర్న పెట్టాల్సిన కంటిపాప మొదట పెట్టాలి, మొదట పూయాల్సిన రంగు ఆఖర్న పూయాలి. ఆరో క్లాసు తప్పినదానికి వెనక్కి నడవడం కొత్తా? కోటు, సూది, సూది పట్టుకున్న ఆడమనిషి. వారం పట్టింది. ఆరాక తిప్పి చూస్తే, సూది ఎడమచేతిలోకి వచ్చి కూర్చుంది! ఈ వీధిలో ఎడమచేత్తో కుట్టేది అదొక్కతే.

ఇక చెప్పక తప్పదు అన్నయ్యా. ఆ కోటు కుట్టేసింది నేను. నవ్వుకుందామని చేశాను. దాన్ని గెంటేస్తుంటే ఇస్త్రీపెట్టె పట్టుకుని నోరు మూసుకు నిలబడ్డాను. ఇప్పుడు బొమ్మలో నన్నే వేసి నిజం చెప్పబోయి, రెండోసారీ దాని మీదికే తోశాను.

బ్లేడుతో గీకేసి మళ్ళీ వేశాను. ఈసారి సూది కుడిచేతిలో, బుగ్గ మీద నా కాలిన మచ్చ, కింద నా పేరు. పట్టుకెళ్ళి ఇస్తే చాలాసేపు చూసింది.

"నాకు ఆ రోజే తెలుసే. అంత వంకర కుట్టు నేనెందుకు వేస్తాను?"

"మరి చెప్పలేదేం?"

"నువ్వు చెబుతావేమోనని చూశాను."

చెంప పగలగొట్టినా అంత మండేది కాదు. ఆ పలకను తలుపుకి నేనే బిగించాను. ఓనరు రోడ్డు దాటి వచ్చాడు.

"ఎవరిదీ బొమ్మ?"

"నాదేనండీ. పోలిక కుదరలేదా?"

"రేపట్నుంచి పనిలోకి రావద్దు!"

"ఇవాళ్టి నుంచే రాను. మీరు గెంటేసిన మనిషి లోపలే ఉంది. క్షమించమని అడిగి వెళ్ళండి."

వీధంతా విన్నది. అతను అడగలేదనుకో. సాయంత్రానికి మాత్రం దాని దగ్గరికి రెండు చొక్కాలు, ఒక పరదా వచ్చాయి.

నీ పరువు తీశానని రాస్తావు, రాయి. బొమ్మ తీయించమని మాత్రం రాయకు. నిన్న ఓనరు అందుకే ఒక మనిషిని పంపాడు. పుర్రచెయ్యి సూదిలోకి దారం ఎక్కిస్తూ, తలెత్తకుండా, "దుమ్ము పట్టింది, ఎలాగూ వచ్చావు, తుడిచి వెళ్ళు" అంది.

తుడిచి వెళ్ళాడు.

ఇట్లు,
నీ మాట వినని చెల్లెలు