మూడు వందల ఎనభై కిలోల అల్లుడు

ఐరాల,
సోమవారం.

నీకు పెళ్లంటమ్మా భానూ, పెళ్లి!

పెళ్లికూతురికే పెళ్లి కబురు చెప్తున్నానని నవ్వుకుంటే నవ్వుకో. ఆపుకోలేక ముందే కక్కేశాను. ఇక పద్ధతిగా మొదలుపెడతాను.

చి.ల.సౌ. భానుప్రియకు నాయన మునిరత్నం ఆశీర్వదించి రాసేది. ఇక్కడ నేను, మీ అమ్మ తిరుమలమ్మ, రెండు ఆవులు క్షేమం. పాల వ్యాను సుందరరాజు నీ చీటీ తెచ్చిచ్చాడు. ఫోనులో నాకు సగమే వినపడుతుందని నువ్వు కాగితం మీద రాసి పంపడం ఎంత మంచిదయిందో! ఇంత కబురు సగం వింటే నేనేమైపోదును?

"నాయనా, శుక్రవారం పొద్దున పదిన్నరకు మా స్టేషన్‌లో మొదటి పెళ్లి. నా చేతుల మీదుగానే. పెద్దవాళ్ళంతా వస్తారు. కుదిరితే నన్ను ఖాయం చేస్తారు. మన వైపు నుంచి ముగ్గురు రావచ్చు. ఆశీర్వదించు." ఈ నాలుగు ముక్కలు నలభైసార్లు చదివాను.

స్టేషన్‌లో పెళ్లంటే ఏమిటో నాకు తెలియదా అమ్మా? దండలు పట్టుకుని ఎస్సై ముందర నిలబడతారు, మర్నాడు పేపర్లో ఫోటో వేస్తారు. ఎవరికి భయపడి అంత దూరం పోయావు? మీ పెదనాయన దామోదరానికా? ఆయన పాలమనేరు సంబంధం చంకలో పెట్టుకుని మూడు నెలలుగా మన అరుగు దిగడం లేదన్నది నిజమే. ఆ పిల్లవాడు బాలచంద్ర మంచివాడే. కానీ నువ్వు ఆ రేణిగుంట కరెంటు బండ్ల ఫ్యాక్టరీ మానేస్తేనే చేసుకుంటారంట. అన్న ముందర నోరు పెగలక ఇన్నాళ్ళూ నసిగాను. నీ చీటీ చదివాక నా నోటికి పట్టిన తుప్పు వదిలిపోయింది. సాయంత్రం అరుగు మీదనే అనేశాను: "అన్నా, నా బిడ్డ పెండ్లి నా బిడ్డే సూసుకునింది. నీ పాలమనేరును నువ్వే పెట్టుకో పో!" అరవై ఎనిమిదేళ్ళలో ఆయనకు నేను ఎదురు చెప్పడం ఇదే మొదలు. చెప్పాక ఎంత హాయిగా ఉందో, రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

అబ్బాయి ఎవరని అడగను. కులం అడగను. ఎవరొచ్చి అడ్డం పడతారో పడనీ, నేనుండాను.

ఇట్లు, ఆనందం పట్టలేని
నీ నాయన మునిరత్నం.

తా.క. మొదటి పెళ్లి అని రాశావు. ఒక్కటి చాలమ్మా.

మళ్ళీ తా.క. ఇంట్లో జిగురు అయిపోయింది. కవరు అంటించలేదు. సుందరరాజు చదవడులే.


రేణిగుంట,
మంగళవారం.

పూజ్యులైన నాయనకు భానుప్రియ నమస్కరించి రాయునది.

నీ ఉత్తరం టీ టైములో పైకి చదివాను. మా స్టేషన్ ఆడపిల్లలు పొట్ట పట్టుకుని నవ్వారు. ఎస్సై అంట, దండలంట! నీ ఎగతాళి నీదే నాయనా. కానీ పెదనాయనకు నిజంగానే ఎదురు చెప్పావా? ఆ ముక్క మాత్రం రెండుసార్లు చదివాను.

అల్లుడి గురించి అడగనన్నావు. అయినా చెప్తున్నా. మనిషి తెల్లగా ఉంటాడు. బరువు మూడు వందల ఎనభై కిలోలు. గొలుసులకు వేలాడుతూ పైనుంచి దిగుతాడు. పెళ్లికూతురు కింద ట్రాలీ మీద కదలకుండా కూర్చుని ఉంటుంది. మూడు ముళ్ళు కాదు, ఎనిమిది వెయ్యాలి. ఆ వేసేది నేనే. ఈ పెళ్లి కుదిరితే కంపెనీ మొదటి బండి నా చేతుల మీదుగా గేటు దాటుతుంది.

కుదిరితే అన్నాను చూడు, అక్కడే ఉంది బాధ. మూడుసార్లు రిహార్సల్ వేశాం, మూడుసార్లూ చెడింది. ఆరు ముళ్ళు పడుతున్నాయి. ఏడోదానికి వచ్చేసరికి రంధ్రం తప్పుకుంటోంది. ఈ పక్క గట్టిగా పట్టుకుంటే ఆ పక్క జరిగిపోతోంది. మా దయానంద్ సారు నిన్న అందరి ముందరా అన్నాడు: "ఇది నీ వల్ల అయ్యే పని కాదమ్మా. శుక్రవారం కూడా ఇట్లే అయితే స్టిక్కర్లు అంటించే సెక్షన్‌కు పో. ఆడపిల్లలకు ఆ పని బాగుంటుంది."

స్టిక్కర్లు అంటించడానికి నేను ఐటీఐ చదవలేదు నాయనా. శుక్రవారం వరకూ ఆ ట్రాలీ పక్కనుంచి కదలను. కదిలితే పెదనాయన గెలిచినట్టే.

ఇట్లు, నీ బిడ్డ
భానుప్రియ.

తా.క. ముహూర్తానికి ఎవరూ నారింజ రంగు తీగలు ముట్టుకోకూడదు. అమ్మకు ముందే చెప్పు.

మళ్ళీ తా.క. సుందరరాజు చదువుతాడు. నీ కవరు ఇస్తూ "కంగ్రాట్స్" అన్నాడు.


ఐరాల,
బుధవారం.

చి.ల.సౌ. భానుప్రియకు నాయన ఆశీర్వదించి, గొంతు బొంగురు పోయినా చెయ్యి బాగానే ఉన్నందుకు సంతోషించి రాసేది.

అల్లుడు మూడు వందల ఎనభై కిలోలని రాశావు. ఒళ్ళు కొంచెం జాస్తి. పర్వాలేదు, ఉన్నవాళ్ళ బిడ్డ అయ్యుంటాడు. మీ అమ్మ రాగి సంకటి మీద పెడితే ఆరు నెలల్లో దిగుతాడు. గొలుసులతో రావడం వాళ్ళ ఇంటి ఆచారం కాబోలు. మనం ఒకరి ఆచారాన్ని తప్పు పట్టేవాళ్ళం కాదు. నారింజ రంగు తీగ సంగతి మీ అమ్మకు చెప్పాను. తాళి పసుపుతాడుతోనే కట్టాలంటుంది.

పొద్దున్నే మీ పెదనాయన వచ్చాడు. వాకిట్లోనే అరుపు.

"పాలమనేరోళ్ళకి నేనేం సమాధానం చెప్పేదిరా? యాడి మొగం పెట్టుకోని పొయ్యేది?"

"నీ మొగమే పెట్టుకోని పో. కొత్తది యాడ తెస్తావు?" అన్నాను.

"ఇదంతా అబద్ధం! ఆ సంబంధం తప్పించడానికి నువ్వూ నీ బిడ్డా ఆడతా ఉండే నాటకం. నిజమైతే కాణిపాకంలో ప్రమాణం చెయ్యి!"

కాణిపాకం మనకు ఎంత దూరం? నడిచే పోయాం. దారిలో పదిమంది చేరారు. కోనేట్లో మునిగి, తడి బట్టలతో నిలబడి, వినాయకుడి ఎదుట గట్టిగా అన్నాను: "శుక్రవారం పదిన్నరకు రేణిగుంటలో నా బిడ్డ చేతుల మీద పెళ్లి జరుగుతుంది." అన్న కూడా వినాయకుడికి దండం పెట్టాడు. అయినా కళ్ళతో చూస్తేగానీ నమ్మడంట. సరే, ముగ్గురు అన్నావు కదా, నేను, మీ అమ్మ, ఆయన వస్తున్నాం.

దయానంద్ ఎవరో గానీ, పిల్ల వల్ల కాదన్నాడా? శుక్రవారం వచ్చి ఆయన మొగం చూడాలని నాకు మహా కుతూహలంగా ఉంది.

ఇట్లు, ఎవరికీ భయపడని
నీ నాయన మునిరత్నం.

తా.క. రెండు వైపులా కుదరడం లేదన్నావు. పెద్దవాడిగా ఒక మాట. సంసారం బండి ఇరుసు లాంటిది. ఒక మూల ముందే గట్టిగా బిగించేశావంటే ఎదురు మూల జరిగిపోతుంది, తర్వాత ఎంత గుంజినా రాదు. ముందు అన్నిటినీ చేత్తో రెండు రెండు చుట్లు పట్టించు. ఎనిమిదీ దారిలో పడ్డాక, ఎదురెదురుగా, కొంచెం కొంచెం బిగించుకుంటూ రా. మొగుడైనా, అత్తగారైనా ఇంతే. మర్చిపోవద్దు.

మళ్ళీ తా.క. జిగురు ఇంకా కొనలేదు.


రేణిగుంట,
గురువారం, చాలా అర్జంటు.

పూజ్యులైన నాయనకు భానుప్రియ రెండు చేతులూ జోడించి, తల కూడా బాదుకుని రాయునది.

నాయనా, నాకు పెళ్లి కాదు! నువ్వు ఎగతాళి చేస్తున్నావనుకుని నేనూ ఎగతాళిగా రాశాను. నువ్వు నిజంగానే నమ్మావా?

పోయిన నెల ఇంటికి వచ్చినప్పుడు చెప్పాను కదా. బండి వెనక ఇరుసు, దాని నడుమ కరెంటు మోటారు, రెండూ కలిపి ఒకే ముక్కగా కింద ట్రాలీ మీద ఉంటాయి. పైనుంచి బండి బాడీ దిగుతుంది. ఆ రెంటినీ కలిపి ఎనిమిది బోల్టులు బిగించడాన్ని మా ఫ్యాక్టరీలో పెళ్లి అంటారు. ఒక్కొక్క పని చేసే చోటును స్టేషన్ అంటారు. ఎస్సై లేడు, దండలు లేవు. నేను ఇదంతా చెప్పేటప్పుడు నువ్వు ఎడమ చెవి నా వైపు పెట్టి కూర్చుని "ఊ, ఊ" అన్నావు. ఆ చెవి వినపడదని నాకు అప్పుడు గుర్తు లేదు. తప్పు నాదే.

అది సరే, కాణిపాకంలో ప్రమాణమా! అబద్ధపు ప్రమాణం చేసినవాళ్ళ సంగతి నువ్వే కదా నాకు చిన్నప్పుడు చెప్పేవాడివి? ఇప్పుడు ఏం చేద్దాం? పెదనాయన వచ్చి, పెళ్లికొడుకు లేడని చూసి, మా పెద్దవాళ్ళందరి ముందరా కేకలు పెడితే నన్ను ఆ క్షణమే స్టిక్కర్లకు పంపేస్తారు. ఆయనను ఎట్లయినా ఆపు. కాళ్ళు పట్టుకోనైనా ఆపు.

ఇట్లు, నీ పెళ్లికాని బిడ్డ
భానుప్రియ.

తా.క. అల్లుడు ఇనుము నాయనా, ఇనుము. సంకటి తినడు. నారింజ రంగు తీగలు కరెంటువి, తాళికి కాదు.

మళ్ళీ తా.క. ఒకటి మాత్రం వింతగా ఉంది. నువ్వు సంసారం గురించి రాసింది ఇందాక ఉట్టినే బోల్టుల మీద చేసి చూశాను. ఎనిమిదీ కూర్చున్నాయి. ఒక్కసారే చేయగలిగాను, దయానంద్ సారు చూడలేదు. రేపు మళ్ళీ కూర్చుంటాయో లేదో.


ఐరాల,
శనివారం.

పెళ్లి చేసిన మా తల్లి భానుప్రియకు నాయన మునిరత్నం లేచి నిలబడి రాసేది.

ముందు కవరు చూడు. జిగురు వేశాను.

మూడు వందల ఎనభై కిలోల అల్లుడు ఏ ఊళ్ళో ఉంటాడమ్మా? నీ మంగళవారం ఉత్తరంలో ఆ ముక్క దగ్గరే నాకు తెలిసిపోయింది. ముప్పై ఏళ్ళు ఎద్దుల బండ్లకూ ట్రాక్టరు ట్రైలర్లకూ ఇరుసులు ఎక్కించినవాణ్ణి, ఏడో రంధ్రం తప్పుకుంటోందంటే అది ఏ పెళ్లో తెలుసుకోలేనా? పెళ్లి నీది కాదని బాధ కలిగిందా అంటే కలిగింది, ఒక చుట్ట కాలేంత సేపు.

అప్పుడు ఆలోచించాను. అన్నకు ఎదురు చెప్పిన రుచి ఇంకా నోట్లోనే ఉంది. దాన్ని వెనక్కి మింగాలా? మింగను. అసలు సంగతి నీకు రాస్తే దాన్ని ముందు సుందరరాజు చదువుతాడు, ఆయన వెనక పాల కేంద్రమంతా చదువుతుంది. అందుకే వాళ్ళకు కావలసింది పైన రాసి, నీకు కావలసింది కింద తా.క.లో పెట్టాను. నిన్ను ఒకరోజు ఏడిపించాను, మన్నించు.

ప్రమాణం మాటలు మళ్ళీ చదువుకో. "నా బిడ్డ చేతుల మీద పెళ్లి జరుగుతుంది" అన్నాను. నా బిడ్డకు పెళ్లి అన్నానా? వినాయకుడికి అంతా తెలుసు. కాకపోతే ఆ ఎనిమిదో బోల్టు కూర్చోకపోతే నా మాట అబద్ధమయ్యేది. అందుకే నిన్న అంతసేపు చేతులు కట్టుకుని నిలబడ్డాను. నీకు భయపడుతున్నట్టు కనిపించి ఉండదు.

ఇంకొక సంగతి. ప్రమాణం కబురు విని పాలమనేరు వాళ్ళు గురువారమే వేరే చోట తాంబూలాలు పుచ్చుకున్నారు. నీ ఉద్యోగం మానిపించే సంబంధం దానంతట అదే పోయింది. నేను ఒక్క అబద్ధం ఆడలేదు.

నిన్న చూడవచ్చినవాళ్ళను నిలబెట్టిన ఆ అద్దం వెనక ఏం జరిగిందో నీకు తెలియదు కదా. మీ పెదనాయన అటూ ఇటూ చూసి, "పెండ్లికొడుకు యాడరా?" అన్నాడు.

"అదిగో, పైనించి దిగతా ఉండాడు సూడు," అన్నాను.

"ఇది బండి గదరా!"

"మనిషని నేనెప్పుడన్నా చెప్పినానా?"

కేక పెట్టడానికి నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే నీ వెనకనుంచి దయానంద్ సారు బిగించే గన్ను అందిస్తూ తొందర పెట్టాడు. నువ్వు తల కూడా తిప్పకుండా, "చేత్తో పట్టించాకే సార్," అన్నావు. అద్దం ఇవతలికి మాట వినపడలేదు. చెవిటివాడికి అద్దం అడ్డమా? నీ పెదవులు చూశాను. నువ్వన్నది అన్నకు చెప్పాను, ఆయన కేక మానుకుని అద్దానికి ముక్కు ఆనించాడు.

తర్వాత గన్ను పట్టుకుని ఎదురెదురుగా తిరిగావు. టిక్కుమన్న చప్పుడు నాకు వినపడదని మీ అమ్మ ప్రతి టిక్కుకూ నా అరచేతిని ఒకసారి నొక్కింది. ఆరు దాకా మామూలుగా నొక్కింది. ఏడుకు గోరు దిగింది. ఎనిమిదికి నొక్కడం మర్చిపోయి ఏడ్చింది. ట్రాలీ కిందికి దిగి, బండి దాని ఇరుసు మీద అది నిలబడేసరికి ఎనిమిదీ పడ్డాయని నాకు అర్థమైంది. అక్షింతలు అద్దం మీద చల్లినందుకు వాచ్‌మన్ మీ అమ్మను కసిరాడు. కసరనీ. పెళ్లిలో అక్షింతలు వేయకూడదన్నవాణ్ణి నేను ఇదే చూడటం.

గేటు దగ్గర ఎవరో అడిగారు, "పెద్దాయనా, మీ అమ్మాయి పెండ్లి చేసుకునిందంట గదా?" అని. "చేసుకోలేదప్పా, చేసింది!" అన్నాను.

ఇట్లు, ఊరంతటికీ వినపడేలా మాట్లాడుతున్న
నీ నాయన మునిరత్నం.

తా.క. నిన్ను ఉద్యోగంలో ఖాయం చేసిన కాగితం చదివాను. స్టిక్కర్లు అంటించే సెక్షన్‌లో ఇప్పుడు ఖాళీ ఉంటే, పిల్ల వల్ల కాదన్నవాళ్ళకు ఇప్పించమను.

మళ్ళీ తా.క. కబురు చెప్పాల్సినవాళ్ళు. సుందరరాజు ఒక్కడితో సరిపెట్టొద్దు, ఒక్కొక్కరికీ వేరుగా నువ్వే చెప్పాలి:

కుప్పమ్మ అత్తకు. ఫ్యాక్టరీకి పోతే ఆడపిల్ల చేతులు మొద్దుబారతాయన్నది. ఆ చేతులే ఎనిమిది బోల్టులను దారిలో పెట్టాయని చెప్పు.

చిత్తూరులో చిన్నబ్బ బాబాయికి. ఆయన లారీ ఇరుసు పోయిన ఏడాది నుంచి కిర్రుమంటోంది. సొంత మనిషి కాబట్టి నువ్వే వచ్చి చూస్తావని చెప్పు.

పులికాట్ ఒడ్డున నిర్మలమ్మ పిన్నికి. పెళ్లికని రొయ్యలు పంపింది. పెళ్లి జరిగింది, రొయ్యలు తిన్నాం, వెనక్కి ఇవ్వలేం.

మునస్వామి మామకు. కొంచెం గట్టిగా చెప్పు, ఆయనకూ నాలాగే ఎడమ చెవి.

పాలమనేరు బాలచంద్రకు. కోపం లేదని, తను చేసుకోబోయే పిల్ల ఏదైనా ఉద్యోగం చేస్తుంటే మానిపించొద్దని.

మీ పెదనాయన దామోదరానికి మాత్రం చెప్పక్కర్లేదు. పొద్దున నుంచి పాల కేంద్రం దగ్గర నిలబడి, "మా పాపే బిగించింది, నేను పక్కనే ఉండి సూసినా," అని వచ్చినవాళ్ళకు వచ్చినట్టు ఆయనే చెప్తున్నాడు.