చప్పుళ్ళు రాసే ఆయనకు

ప్రియమైన మా ఇంటాయనకు,

ఫోనులో మీరు ‘ఊఁ’ తప్ప ఇంకేమీ అనరు, అందుకే రాస్తున్నాను. పెద్దగా చదువుకున్నదాన్ని కాదు, తప్పులుంటే నవ్వకండి. మన పక్కింటావిడ అక్కణ్ణుంచి ఫోను చేసి, మీ ఆయన స్టేజీ ఎక్కుతున్నాడట, ఎవరో అమ్మాయి కప్పల చప్పుళ్ళు పెడితే జనం ముందు బొమ్మలు గీస్తాడట అంది. ఫ్లెక్సీలొచ్చి బోర్డులు రాసే పని పోయిన దగ్గర్నుంచీ మంచం దిగని మనిషి స్టేజీ ఎక్కడమేమిటి? జనం నవ్వితే? కళ్ళు తిరిగితే? అసలా పిల్లెవరు, కప్పలతో ఆమెకేం పని? ఇక్కడ మన అమ్మాయి ఉద్యోగానికి వెళ్తోంది, దాని పాప నా ఒళ్ళోంచి దిగదు, లేకపోతే ఈపాటికి బస్సెక్కేసేదాన్ని. మోకాలికి మందు రాసుకుంటున్నారా? గ్యాసు కట్టేస్తున్నారా? ఒకటికి రెండుసార్లు చూడండి.

కంగారుతో,
మీ ఆవిడ

*

ప్రియమైన కంగారమ్మకు,

గ్యాసు కట్టేశాను. నీ ఉత్తరం చదివి మళ్ళీ లేచి చూసొచ్చాను కూడా.

ఆ పిల్ల మన వెనక సందులో అద్దెకుంటుంది. చెరువు గట్టున మైకు పెట్టుకుని కూర్చుని కప్పలు, పిట్టలు, వాన, గాలి, ఏది వినబడితే అది రికార్డు చేస్తుంది. హాల్లో అవన్నీ కలిపి వినిపిస్తుంది. ఏదెప్పుడొస్తుందో నాకు ముందు చెప్పదు. కింద పరిచిన గుడ్డ మీద విన్నది విన్నట్టు నేను గీయాలి. వంగక్కర్లేకుండా కుంచెని చీపురుకర్రకు కట్టిచ్చింది. సందు చివర కొట్టు మీద నా పాత అక్షరాలు చూసి వెతుక్కుంటూ వచ్చిందిలే.

నిన్న ప్రాక్టీసు. కప్ప అరిచింది, కప్పను గీశాను. నా కప్పకి కాళ్ళొచ్చేసరికి రికార్డులో వాన కురిసి వెలిసిపోయింది. “బాబాయ్, కప్పని కాదు, దాని అరుపును గీయండి” అంటుంది. అరుపునెలా గీస్తారే? జన్మంతా అక్షరాలు రాసినవాణ్ణి. ఇదీ చేతకాకపోతే కుంచెలు ఎవరికైనా ఇచ్చేస్తాను. ఇక ముట్టుకోను.

ఉంటాను,
నీ పెయింటరు

*

ప్రియమైన పెయింటరు గారికి,

కుంచెలిచ్చేస్తానన్న మాట చదివి వెంటనే ఈ ఉత్తరం మొదలెట్టాను. అవి లేకుండా మీరెలా అయిపోయారో ఇన్నాళ్ళూ చూసినదాన్నే కదా.

నాకు తోచింది చెప్తాను, కోప్పడకండి. మీరు బోర్డు గీశారని ఎవరైనా ఎప్పుడైనా అన్నారా? రాశారనే కదా అంటారు. మరి దీన్నీ రాసెయ్యండి. కప్ప బెకబెక అంటే బెకబెక అనే రాయండి. కుళాయి కట్టలేదేమో, గడియ పడలేదేమో అని బతుకంతా చెవులు రిక్కించుకునే ఉన్నాను, నన్నడగండి. వాన రేకుల మీదైతే దడదడ, ఆకుల మీదైతే టపటప, నీళ్ళ మీదైతే చిటచిట. రెల్లులో గాలి రివ్వున రాదు, సుయ్యిమంటుంది. కొట్టు పేరు పెద్దగా, ఫోను నంబరు చిన్నగా రాసేవారు కాదూ? అలాగే పెద్ద చప్పుడుకి పెద్ద అక్షరం. తప్పని ఆ పిల్ల తిడితే నేను చెప్పానని చెప్పండి. వద్దు, చెప్పకండి.

దిగులుతో,
మీ ఆవిడ

*

ప్రియమైన గాబరాకి,

నువ్వు చెప్పావనే చెప్పాను. ఆ పిల్ల గెంతులేసింది.

‘బెకబెక’లో ‘బె’ని కప్ప గొంతులా ఉబ్బించి రాశాను. చినుకులప్పుడు ‘చిటచిట’ సన్నగా మొదలెట్టి, జోరెక్కాక అక్షరం మీద అక్షరం పడేట్టు రాశాను. చెయ్యి దానంతటదే నడిచింది. ఎన్నాళ్ళయిందే అలా నడిచి! కానీ జనం ముందు నడుస్తుందా? శనివారం సాయంత్రమే ఆట. నువ్వొచ్చి ముందు వరసలో కూర్చుంటే ధైర్యంగా ఉంటుంది. ఇలా అడిగానని అమ్మాయితో అనకు, వెక్కిరిస్తుంది.

ఎదురుచూస్తూ,
నీ పెయింటరు

*

ప్రియమైన మీకు,

నేను రాలేను. పాపకి జలుబు. అదలా ఉంచండి, నేనక్కడుంటే మీరు నావైపే చూస్తారు, నా మొహం చూసి మీకు చేతులాడవు. నా కంగారు అంటుకునే రకం అని మీరే అంటారుగా. నా కోసం వెతక్కండి. గుడ్డ మీద రంగు తడిగా ఉంటే జారుతుంది, చూసి నడవండి.

ఇక్కణ్ణుంచే దణ్ణం పెట్టుకుంటూ,
మీ ఆవిడ

*

ప్రియమైన నీకు,

అయింది. వినవే.

కప్పలు, గాలి, వాన, అన్నీ బాగానే రాశాను. వాన వెలిశాక ఆ పిల్ల మొత్తం ఆపేసింది. చప్పుడు లేకపోవడం కూడా చెరువేనట! ఏమీ వినబడకపోతే ఏం రాయాలో నువ్వు చెప్పలేదు. కుంచె పట్టుకుని నిలబడిపోయాను. అందరూ నన్నే చూస్తున్నారు. ఇక్కడితో సరి అనుకున్నాను.

అప్పుడు వెనకెక్కణ్ణుంచో చిన్నగా, “ఉంగా”. ఏ నీటిపిట్టో అనుకున్నాను. మళ్ళీ “ఉంగా”. రాశాను. గుడ్డ ఈ చివర్నుంచి ఆ చివరిదాకా. బోర్డుకైనా అంత పెద్ద అక్షరాలు ఎప్పుడూ రాసి ఎరగను. జనం లేచి నిలబడి చప్పట్లు.

వచ్చే నెల ఇంకోచోట చేద్దామా అంది ఆ పిల్ల, సరే అన్నాను. కానీ, “బాబాయ్, ఆ చివరిది నా రికార్డులో లేదు” అని ఒట్టేస్తోంది. అదేం పిట్టో మాత్రం ఎంతకీ తేలడం లేదు.

నీ పెయింటరు

*

ప్రియమైన మా ఇంటాయనకు,

అది పిట్ట కాదండీ. మీ మనవరాలు.

రానని రాశాను కానీ ఉండలేకపోయాను. పాపకి జలుబు తగ్గింది. అల్లుడు కారులో తీసుకొచ్చాడు. మీ కంటబడకుండా ఆఖరి వరసలో, తలుపు పక్కన కూర్చున్నాను. మీ కుంచె ఆగగానే పాపని గట్టిగా పట్టేసుకున్నాను కాబోలు, నా మొహంలోకి చూసి “ఉంగా” అనేసింది. మీ పని చెడగొట్టానే అని దాన్ని ఎత్తుకుని పరుగు. రెండోది గుమ్మం దాటుతుంటే అంది. “అత్తయ్యగారూ, చప్పట్లు వినబడుతున్నాయి కదా” అని అల్లుడంటే, జాలిపడి కొడుతున్నారయ్యా అని దారి పొడుగునా ఏడ్చాను. మీ ఉత్తరమొచ్చేదాకా ముద్ద దిగలేదు.

దానికింకా ఒక్క మాటా రాదు. మా అందరికంటే ముందు మీకే ఏదో చెప్పింది, మీరు రాశారు. పారిపోయొచ్చి నేనే ఆ రాతను చూసుకోలేదు. ఆదివారం దాన్ని తీసుకుని వస్తున్నాను. ఆ గుడ్డ పూర్తిగా ఆరిందా? ఆరకుండా మాత్రం మడత పెట్టకండి.

మీ ఆవిడ